ఏడూ పదికి పెట్టిన సంతకం

జూన్ 3

నిన్న మనవరాలు అన్నది తప్పు. పంపు నీటిని పీల్చదు. గొట్టంలోని గాలిని తోడేస్తుంది. బయటి గాలి నీటి మీద కూర్చుని దాన్ని పైకి తోస్తుంది. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని, నా ఇంట్లోనే ఈ మాటా అని గడ్డి పెట్టాను. గాలికి అంత బలముంటే వంద అడుగుల బావిలోంచి ఎందుకు తోయదు నానమ్మా అంది. పది మీటర్లే దాని ఓపిక, పంపు దగ్గరికొచ్చేసరికి ఏడెనిమిది, ఆపైన నాలాగే చేతులెత్తేస్తుంది అన్నాను. నవ్వింది. నేను నవ్వానో లేదో గుర్తులేదు.

ఫైర్ స్టేషన్‌లో దానికి పంప్ ఆపరేటర్ టెస్టు ఇరవయ్యో తారీఖున. నేర్పేది మీసాలాయన. ఆరేళ్ళ క్రితం దాని నాన్న, నా కొడుకు, నాలుగో అంతస్తులో నాజిల్ పట్టుకుని ఉండగా కింద పంపు దగ్గర నిలబడ్డది ఆయనే. నీళ్ళు ఆగిపోయాయి. వాడు దిగి రాలేదు. మంటని ఆర్పలేనివాడు నా కొడుకుని ఆర్పాడని అందరి ముందూ అన్నాను. అదే ఆయనతో నా ఆఖరి మాట. పాసైతే ఎవరి షిఫ్టుకైనా వెళ్ళు, ఆయన షిఫ్టుకి మాత్రం వద్దని దానితో ఒట్టు వేయించుకున్నాను.

జూన్ 6

ప్రవాహం రెట్టింపైతే గొట్టంలో రాపిడి ఎన్ని రెట్లు? రెండంది. నాలుగు. అరగంట తర్వాత అడిగితే మళ్ళీ రెండంది. నాలుగు.

జూన్ 9

వాన. ఏమీ చదవలేదు.

జూన్ 11, మధ్యాహ్నం

పంపు ఎంత ఒత్తిడి ఇవ్వాలో లెక్క ఇచ్చాను. నాలుగో అంతస్తు, ఐదు గొట్టాలు. ఎత్తుకి ఒకటిన్నర బార్, రాపిడికి రెండు, నాజిల్‌కి ఐదు. ఎనిమిదిన్నర అని తేల్చి, పెన్సిలు కొరుకుతూ, ఇది నాన్న లెక్క కదూ అంది. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

విచారణ రిపోర్టు ఆరేళ్ళుగా బీరువాలోనే ఉంది. మొదటి పేజీ దాటి ఎప్పుడూ చదవలేదు. ఇవాళ తీశాను. మూడో పేజీలో పంపు గేజి: ఎనిమిదిన్నర. మీసాలాయన లెక్క తప్పలేదు. తర్వాత ముల్లు ఊగి సున్నాకి పడిపోయింది. సంపులోంచి నీళ్ళు తోడే గొట్టం జాయింటులో రబ్బరు వాషర్ చీలి గాలి దూరింది. ఆయన వాంగ్మూలం ఒక్కటే వాక్యం: జాయింటు నేనే చూసుకోవలసింది.

చూసుకోవలసిందే కదా అనుకుని బీరువా మూసేశాను.

జూన్ 14

రోజూ షిఫ్టు మొదట్లో వాక్యూమ్ టెస్టు చేయాలట. గొట్టం మూతి బిగించి, లోపలి గాలి తోడి, ఒక నిమిషం గేజి చూడాలి. ముల్లు జారితే ఎక్కడో గాలి దూరుతున్నట్టు. చేసినవాళ్ళు రిజిస్టర్లో టైము వేసి సంతకం పెట్టాలి. చేయకుండానే సంతకం పెట్టేవాళ్ళుంటారా అని క్లాసులో ఇది అడిగిందట. మీసాలాయన డస్టర్ తీసుకుని ఖాళీ బోర్డు తుడిచాడట.

జూన్ 14, సాయంత్రం ఆరు

తొమ్మిదో పేజీ. ఆ రోజు రిజిస్టరు జిరాక్సు. వాక్యూమ్ టెస్టు: సరిగ్గా ఉంది. టైము 7.10. సంతకం నా కొడుకుది.

ఆ రోజు ఏడూ పదికి వాడు నా వంటింట్లో కుళాయి విప్పుతున్నాడు. కారుతోందని నేనే ఫోన్ చేసి రప్పించాను. ఏడింటికి షిఫ్టమ్మా, సాయంత్రం చూస్తాను అన్నాడు. అందాకా చుక్కలు లెక్కపెట్టమంటావా అన్నాను. కొత్త వాషర్ వేసి ఏడున్నరకి పరిగెత్తాడు.

జూన్ 15

అన్నం వండాను. తిన్నాం.

జూన్ 20

పాసైంది. వాక్యూమ్ టెస్టు రెండుసార్లు చేసి, టైము చాలక ఆరు మార్కులు పోగొట్టుకుందట. ఎందుకే అంటే, రిజిస్టర్లో పొద్దుటి సంతకం నాది కాదుగా అంది. మీసాలాయన షిఫ్టే పడిందట. మార్పించుకుంటాలే నానమ్మా అంది, నా మొహం చూడకుండా.

వద్దన్నాను. తొమ్మిదో పేజీ దాని ముందు పెట్టి, ఆ టైముకి వాళ్ళ నాన్న ఎక్కడున్నాడో చెప్పాను. ఆయనకి తెలుసా అంది. సంతకం ఆయన చూసే ఉంటాడు. కుళాయి సంగతి తెలియదు.

జూన్ 22

కుళాయి కారడం లేదు. ఆరేళ్ళలో ఒక్క చుక్క లేదు.

కింది నాలుగు మాటలూ చింపి దాని టిఫిన్ డబ్బా మీద పెట్టాలి.

షిఫ్టు దిగాక మీ మీసాలాయనని వెంటబెట్టుకు రా. కుళాయి చూడాలని చెప్పు, మిగతాది నేను చెప్తాను. దారిలో అరంగుళం వాషర్లు రెండు తీసుకో. రబ్బరువి.