గోడ మీద నువ్వు పేర్చిన రాళ్లు

హంగా రోవా,
1949 నవంబరు 12.

ప్రియమైన తమ్ముడు తేపనోకు,

మీ అక్క పరపీనా ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మా ఊరి గోడ లోపల మేమంతా క్షేమం. అక్కడ మీ గోడ లోపల నువ్వూ క్షేమమేనని తలుస్తాను. ఈ దీవిలో గోడ లేకుండా తిరిగేవి, దీవినంతా మేతకు పట్టుకుని మనల్ని ఊళ్లో బంధించిన కంపెనీవాళ్ల గొర్రెలు మాత్రమే కాబట్టి వాటి క్షేమం వేరే అడగనక్కర్లేదు.

పొయ్యి దగ్గర చెయ్యి కాలింది. గుడ్డ కట్టుకుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకర. ఎప్పటిలాగే ఇదీ మీ ఆశ్రమం సిస్టర్ గారే నీకు చదివి వినిపించాలి. తాత నిన్ను బడికి పోనివ్వకుండా తన గుడిసెలో కూర్చోబెట్టుకున్న ఫలితం ఆమె అనుభవిస్తోంది. ఆమెకు నా దండాలు.

నీ జవాబు అందింది. కుష్ఠురోగుల ఆశ్రమంలోంచి కాగితం ముక్క బయటికి రానివ్వరు, నీకు రాయడమూ రాదు, అయినా అందింది. ఎలాగో చెబుతాను.

మా ఆయన కిరీనో నోటి సంగతి నీకు తెలియనిది కాదు. ఆగస్టులో ఓడ వేసుకొచ్చిన విదేశీ దొర, ఇంతేసి రాతి విగ్రహాలను మీ పెద్దలు ఎలా నిలబెట్టారని ఊరంతా అడుగుతూ తిరిగాడు. అవే నడిచొచ్చి నిలబడ్డాయి నాయనా, ఇప్పటి మగాళ్లలాగా బద్ధకస్తులు కాదు అని ముసలమ్మలు చెప్పారు. మా ఆయన మాత్రం, ఆ విద్య మా ఇంట్లోనే ఉంది దొరా, మా అరుగు దగ్గర బోర్లా పడున్న రాతి పెద్దాయన్ని నేను లేపి చూపిస్తా అని కోతలు కోశాడు. లేపితే మీలో ఒకరిని గవర్నరు అనుమతితో సముద్రం అవతల వల్పరైసో పట్నానికి తీసుకెళతానని దొర మాటిచ్చాడు.

ఇంటికొచ్చాక బాగా తలంటాను. విద్య ఉన్నది మా పుట్టింట్లో, మీ ఇంట్లో కాదు. అదీ తాత ఒక్క తేపనోకే చెప్పాడు, వాడేమో గోడ అవతలున్నాడు. నువ్వేం లేపుతావయ్యా, పొద్దున్నే నిన్ను లేపేసరికే నా ఒళ్లు హూనమైపోతోంది అన్నాను.

అందుకే పోయిన ఉత్తరంలో నిన్నడిగాను. ఆశ లేకుండానే అడిగాను. రెండు రోజులు పోయాక మీకు చిలగడదుంపలు పెట్టే బండ దగ్గరికి వస్తే, మీ గోడ మీద పొడుగాటి రాయి ఒకటి బోర్లా పడుకుని ఉంది. దాని తల కింద ఒక పుల్ల, ఒక వరస గులకరాళ్లు. ఏమీ తోచక ఆడుకుంటున్నావనుకున్నాను. మళ్లీ వచ్చేసరికి రెండు వరసలు, తల ఇంకాస్త పైకి. ఆ పైసారి మూడు. అప్పుడు అర్థమైంది. దూలంతో గింజంత ఎత్తాలి, ఆ సందులో రాయి దోపాలి. మళ్లీ ఎత్తాలి, మళ్లీ దోపాలి. తాత నీకు చెప్పింది ఇంతే, కానీ అది తెలియక ఇన్నేళ్లు ఆ పెద్దాయన మట్టి కరిచి పడున్నాడు.

తెల్ల కోడిపుంజును మట్టి పొయ్యిలో వండి పెద్దలకు పెట్టాకే పని మొదలెట్టాం. దూలాల మీద పదకొండు మంది మగాళ్లు, రాళ్లు మోయడానికి ఆడవాళ్లం. మొదటి వారమంతా దొర గడియారం చూసుకుంటూ నవ్వుకున్నాడు. మా ఆయన ఆ సందులోకి దూరి రాయి పెడుతుంటే నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడేదాన్ని. ఒకరోజు మీ గోడ మీది రాయికి నువ్వు రెండు వైపులా నారతాళ్లు కట్టి ఉంచావు. వెళ్లి మావాళ్ల చేతా కట్టించాను. మర్నాడే పెద్దాయన పక్కకు ఒరిగాడు. తాళ్లు ఆపాయి. లేకపోతే మా ఆయన ఇప్పటికీ ఆయన కిందే ఉండేవాడు.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం పెద్దాయన తన పీఠం మీద నిలబడ్డాడు, సముద్రానికి వీపు పెట్టి, ముఖం మనవైపు పెట్టి. మా ఆయన చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకైతే కడుపు మండింది తేపనో. ఇంత బరువును దీవి ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకెళ్లిన వాళ్ల మనవలం, చీటీ లేనిదే ఊరి గేటు దాటలేం.

ఆ ఒక్క అనుమతి మా అమ్మాయి మహీనాకు ఇప్పించాను. తనే వెళ్లి పని వెతుక్కుందామనుకున్న మా ఆయన రెండు రోజులు ఆ పెద్దాయన దగ్గరే పడుకున్నాడు. పన్నెండేళ్ల పిల్లను, ఒక్కగానొక్క దాన్ని ఓడెక్కిస్తావటే, నీదేం గుండె, ఆ పెద్దాయన గుండేనా అని ఆడవాళ్లు దెప్పారు. చదువుకుంటుందిలే అన్నాను. ఓడ డాక్టరు దాన్ని తల నుంచి కాళ్ల దాకా చూసి, నిక్షేపంలా ఉందన్నాడు. మొన్న వెళ్లింది. ఓడ కనిపించినంతసేపూ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను, గుడ్డ కట్టిన చేత్తోనే.

ఒళ్లు జాగ్రత్త.

నీ అక్క,
పరపీనా

తా.క. ఈ కింది మాటలు సిస్టర్ గారు చదవరు. నేనే నీ పక్కన కూర్చుని చదువుతాను.

కోడిపుంజు పొయ్యిలో రాళ్లు సర్దుతుంటే నా చెయ్యి కాలింది. కాలిందని నాకు తెలియలేదు తమ్ముడూ. ఏదో మాడు వాసన వస్తోందేమిటే అని మా ఆయన అంటే అప్పుడు చూసుకున్నాను. నీకూ ఇలాగే మొదలైంది కదా. నేను దొరికిపోతే నా కూతుర్ని ఏ ఓడా ఎక్కనివ్వరు. అందుకే ఇరవై రెండు రోజులూ ఎవరి ముందూ గుడ్డ విప్పలేదు. నిన్న ఊరందరికీ ఏటేటా జరిగే పరీక్షలో ఇక్కడి డాక్టరు విప్పించాడు. రేపు పొద్దున నన్ను మీ దగ్గరికి తెస్తారు.

మా ఆయనకు ఈ రోగం సంగతి నిన్ననే తెలిసింది. ఇకపై దుంపలు ఆయన తెస్తాడు. నా కాగితం ఆయన దాకా పోదు. నేను బాగానే ఉన్నానని, మహీనా ఉత్తరం వస్తే గోడ దగ్గర నిలబడి గట్టిగా చదవమని రాళ్లతో ఎలా చెప్పాలో, నువ్వే నాకు నేర్పాలి.