కోతమిషను వదిలేసిన మూడు మూరల చేను

యంత్రాల అద్దె కేంద్రం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ కోతమిషను డ్రైవరు సీటులో నిద్రపోయాడని పదకొండు రోజుల కింద నేను ఇచ్చిన ఫిర్యాదును వాపసు తీసుకొనుట, అతడిని తిరిగి పనిలోకి తీసుకొనవలసినదిగా ప్రార్థించుట గురించి.

1. సదరు డ్రైవరు నిద్రపోలేదు. కళ్ళు పత్తికాయల్లా విప్పుకునే ఉన్నాడు. ఆ సంగతి ఫిర్యాదు రాసేటప్పుడూ నాకు తెలుసు.

2. సదరు మిషనుకు స్టీరింగు తనంతట తానే తిరిగే ఏర్పాటు ఉన్న విషయం తమకు విదితమే. మూడేళ్ళ కింద మొదటిసారి కోతకు వచ్చినప్పుడు డ్రైవరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చేను చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. "హద్దు దీని బుర్రలోకి ఎక్కింది బాబాయ్. ఇక ఎప్పుడొచ్చినా ఇదే గీత మీద నడుస్తుంది," అన్నాడు. నేను సంబరపడ్డాను. ఆ తర్వాత ఐదు పైర్లు తమ దగ్గర వరుస దొరకక కూలీలతో కోయించాను. ఈ ఆరో పైరుకు మిషను మళ్ళీ వచ్చింది.

3. నా చేను పక్కదే మా అక్క చేను. మధ్యన గట్టు ఒక్కటే. ఈ ఆరు పైర్లకూ, గట్టు సవరించే వేళ, నా వైపు జానెడు చెక్కి ఆ మట్టి అక్క వైపు మెత్తాను. ఆ విధముగా సదరు గట్టు అక్క చేనులోకి ఆరు జానలు, అనగా మూడు మూరలు, జరిగినది. జరిగినది అని రాస్తే దానంతట అదే నడిచి వెళ్ళినట్టుంది. నేనే జరిపాను.

4. కోత రోజున మిషను పాత గీత మీదే నడిచింది. గట్టు వెంబడి మూడు మూరల చేను వదిలేసి, ఈ కొస నుంచి ఆ కొస దాకా తాడు కట్టినట్టు కోసుకుపోయింది. డ్రైవరు మిషను ఆపి, దిగి, నా చెవి దగ్గరకు వచ్చాడు. "బాబాయ్, ఈ మిగిలింది హద్దు బయట చూపిస్తోంది. అది కోయాలంటే పక్క చేను వాళ్ళ సంతకం కావాలి, మా ఆఫీసు రూలు. అక్కగారిని అడగనా?"

అక్క పది అడుగుల దూరంలోనే ఉంది. నా పని దొంగకు తేలు కుట్టినట్టయింది. "ఏరా, నిద్రపోతూ నడిపావా? చేను వదిలేశావేంటి!" అని అందరూ వినేలా అరిచాను. అతడు నన్ను చూశాడు, అక్కను చూశాడు, తల దించుకున్నాడు. ఒక్క మాట అని ఉంటే పోయేది నా పరువు. అనలేదు. పోయింది అతడి పని.

5. మొన్న బజారులో అతడు లారీలోంచి బస్తాలు దింపుతూ కనిపించాడు. నేను మొహం తిప్పుకుని నడిచాను. వెనక నుంచి, "బాబాయ్, ఆ మిగిలింది కోశావా? గింజ రాలిపోద్ది," అని కేకేశాడు. అయ్యా, నాలుగు తిట్టినా బాగుండేది.

6. సదరు మూడు మూరల చేను ఇంకా అలాగే నిలబడి ఉన్నది. కొడవలి పట్టుకుని వెళతాను, ఉత్త చేతుల్తో తిరిగొస్తాను. పోనీ నువ్వు కోసుకో అని అక్కను అడిగాను. "నీ గట్టు లోపల ఉన్నది నేనెందుకు కోస్తానురా?" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు నిద్ర కరువైంది.

కావున తమరు దయతో నా పాత ఫిర్యాదును చించివేసి, సదరు డ్రైవరును వెంటనే పనిలో పెట్టి, అబద్ధపు ఫిర్యాదుకు ఏమి శిక్ష ఉందో అది నాకు వేయవలసినదిగా ప్రార్థన. ఇందులో ఒక్క అక్షరం కూడా అతడు చెప్పి రాయించినది కాదని చిత్తగించవలెను.

తమ విధేయుడు
(గట్టుకు ఇవతలి రైతు)

తాజా కలం: హద్దు మాట వస్తే తమ రూలు ప్రకారం పక్క చేను వారి సంతకం కావాలి గనుక ఈ అర్జీ తీసుకుని అక్క ఇంటికి వెళ్ళాను. చదివి వినిపించమంది. మూడో అంశం గొణిగేశాను. "గట్టిగా చదవరా," అంది. చదివాను. అంతా విని కలం అడిగింది, సంతకం పెట్టబోయి ఆగింది.

"ఆరు కాదురా, ఏడు. ఆ మిషను మొదటిసారి రాకముందే ఒక జానెడు జరిపావు. నువ్వు జ్వరంతో మూడు నెలలు పడి లేచావు చూడు, అప్పుడు. ఒంట్లో ఓపిక లేకపోయినా పార పట్టుకుని తెగ ఆయాసపడ్డావు. దూరం నుంచి చూశాను. పోనీలే, పిచ్చి సన్నాసి అని ఊరుకున్నాను."

కావున మూడో అంశంలో ఆరు అని ఉన్నచోట ఏడు అని సవరించుకొన ప్రార్థన. ఆ ఏడోది తమ మిషనుకు తెలియదు. డ్రైవరు తిరిగి వచ్చిన రోజున హద్దు మళ్ళీ కొత్తగా ఎక్కించవలసి ఉంటుంది. ఈసారి అతడి పక్కన మా అక్క కూర్చుంటుంది. ఆమె సంతకం కింద ఉన్నది.