గ్రాఫులో నా చుక్క

ఆగస్టు 2, ఉదయం 7.40

ఈ రోజు రోల్ కాల్‌లో ఇరవై ఆరు మంది పలికారు. వాళ్ళలో పంతొమ్మిది మంది నా తోడికోడలి శిష్యులు.

రోజూ ఏడింటికి మా హామ్ రేడియో క్లబ్బు వాళ్ళందరినీ వైర్‌లెస్ మీద గాలిలో పిలిచేది నేను. నేను ఒక్కొక్కరి కాల్‌సైన్, లైసెన్సుతో పాటు సర్కారు ఇచ్చిన గాలి పేరు, చదువుతాను, వాళ్ళు హాజరు చెబుతారు. పద్ధతి ప్రకారం అక్కడితో అయిపోవాలి. కానీ నాతో వాళ్ళకేం పని? మేడం ఉన్నారా, మేడం వింటున్నారా అని ఆవిడ కోసం ఒకటే వెతుకులాట. మేడం మా ఇంటి పై అంతస్తులోనే ఉంది. పదహారు మెట్లెక్కితే దొరుకుతుంది. దానికి వైర్‌లెస్ ఎందుకు?

ఆవిడ గొంతు గురించి రాయకూడదనుకున్నాను. బస్ స్టేషన్‌లో అనౌన్సర్. ఊరంతా వినే గొంతు. నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాను. ఆ మిషను పక్కన ఇరవై ఏళ్ళు అరుస్తూ మాట్లాడితే ఎవరి గొంతైనా నాలాగే బొంగురు పోతుంది.

ఆగస్టు 5

క్లబ్బు గది ఊడ్చాను. గోడ మీది గ్రాఫుకి దుమ్ము దులిపాను.

మామగారు మొదలుపెట్టిన గ్రాఫు అది. ఏటా జనవరిలో లైసెన్సులిచ్చే ఆఫీసు నుంచి మా ఊరి లైసెన్సుదారుల లిస్టు వస్తుంది. ఎంతమందో చూసి ఒక చుక్క పెట్టి, వెనకటి చుక్కతో గీత కలపాలి. ఆయన చేతిలో గీత ఎక్కుతూ ఎక్కుతూ 112 దాకా వెళ్ళింది. తర్వాత ఆ చిన్న గళ్ళు కళ్ళకి ఆనక స్కేలు నాకిచ్చి, నన్ను కార్యదర్శిని చేశారు. అదే ఏడు సెల్‌ఫోన్లు ఊరి మీద పడ్డాయి. 104, 97, 88. చేతిలో ఫోనుండగా పరీక్ష రాసి మరీ మాట్లాడేదెవరు? కొందరు విసిగి మానేశారు. కొందరు సైలెంట్ కీ అయ్యారు. మాలో ఎవరైనా పోతే చనిపోయారని అనం, అలా అంటాం. పదకొండేళ్ళు నేను పెట్టిన ప్రతి చుక్కా కిందికే. ఆఖరికి 41.

అప్పుడు ఆవిడ లైబ్రరీలో ఆదివారం క్లాసు పెట్టింది. నర్సులు, టైలర్లు, కండక్టర్లు వరస కట్టారు. 46, 55, 63. ఆ పైకెక్కే గీతలూ నేనే గీశాను. స్కేలు నాది, పేరు ఆవిడది.

మొన్నటి మీటింగులో ప్రెసిడెంటు, రిటైరైన పోస్ట్‌మాస్టర్, జనవరిలో కార్యదర్శి పని కొత్తవాళ్ళకిస్తే ఎలా ఉంటుందమ్మా అన్నాడు. నా మొహం చూడలేదు. గోడ వైపు చూస్తూ అన్నాడు.

ఈ ఊళ్ళో లైసెన్సు తీసుకున్న మొదటి ఆడదాన్ని నేను. ఆ గోడకి అది తెలీదు.

ఆగస్టు 11

రెన్యువల్ కార్డులు రాసే రోజు. లైసెన్సు ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. గడువు దాటాక మూడు నెలలు ఓపిక పడతారు. ఆ పైన రద్దు. మళ్ళీ పరీక్ష, మళ్ళీ కొత్త కాల్‌సైన్. అందుకని ముందే అందరికీ కార్డు రాసి గుర్తు చేయడం కార్యదర్శి పని. ఫైల్లో నెలకో కాగితం ఉంటుంది. ఆగస్టు వాళ్ళవి రాసేశాను.

సెప్టెంబరు కాగితం తిప్పాను. మొదటి వరసలోనే ఆవిడ పేరు.

ఫైలు మూసేశాను.

ఆగస్టు 12

సెప్టెంబరు కాగితం తీసి బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. పైన సూదులు, దారాలు, గుండీలు. అందులో ఇంకెవరి పేర్లున్నాయో చూడలేదు. చూస్తే వాళ్ళకి కార్డు రాయాలి, వాళ్ళు వెళ్ళి ఆవిడకి చెబుతారు.

చింపలేదు. కాల్చలేదు. మర్చిపోయానంతే. మనిషన్నాక మరుపు ఉండదా?

సెప్టెంబరు 30

గడువు ఈ రోజుతో సరి. పొద్దున ఆవిడ మెట్ల మీద ఎదురై, అక్కా, ఇవాళ తారీఖెంత అని అడిగింది. ముప్పై అన్నాను. ఇవాళ నీకేమైనా పనుందా అంది. ఉంది, దుప్పట్లు ఉతకాలి అన్నాను. ఏదో అనబోయి ఆగిపోయి, సరే అక్కా అని దిగి వెళ్ళిపోయింది.

దుప్పట్లు నిజంగానే ఉతికాను. అబద్ధం ఆడానని తర్వాత నాకే అనిపించకూడదు.

అక్టోబరు 19

డాబా మీద ఆవిడకి కొత్త ఏంటెన్నా లేచింది. మరిది ఎక్కి బిగించాడు. నిచ్చెన పట్టుకున్నది ఎవరయ్యా అంటే మా ఆయన! నా తీగ సాగిపోయి వేలాడుతోంది, కాస్త బిగించండి అని నాలుగేళ్ళుగా మొత్తుకుంటున్నాను. దాని మీద కాకులు ఉయ్యాలలూగుతున్నాయి. అడిగితే, నీది ఎలాగూ పనిచేస్తోందిగా అన్నారు. ఇంట్లో పనిచేసేదాన్ని ఎవరు పట్టించుకుంటారు.

డిసెంబరు 31

మూడు నెలలూ నిండాయి. లైసెన్సు లేకుండా మాట్లాడుతున్న గొంతు ఎంత తియ్యగా ఉందో.

జనవరి 9, మధ్యాహ్నం 1.15

లిస్టు వచ్చింది. ప్రెసిడెంటు మీటింగులోనే కవరు చింపి, అడుగున అచ్చేసిన అంకె చదివాడు. డెబ్భై.

నా లెక్క డెబ్భై ఒకటి. పాత అరవై మూడు, కొత్తగా ప్యాసైనవాళ్ళు తొమ్మిది, సైలెంట్ కీ ఒకరు. ఒకటి తగ్గింది. ఎవరో నాకు తెలుసు.

నా నోరు ఊరుకుంటేనా. లేచి నిలబడ్డాను. మనలో ఒకరు రెన్యువల్ మర్చిపోయారు, లైసెన్సు పోయింది, లైసెన్సు లేనివాళ్ళు ఈ క్లబ్బులో ఏ పదవికీ పనికిరారు, రూలు ఎవరికైనా రూలే, లిస్టు ఇంటికి తీసుకెళ్ళి సరిచూసి ఆదివారం పేరు చెబుతాను అన్నాను. అంటూ ఆవిడ వైపే చూశాను. ఆవిడ తల దించుకుంది. ఎన్నాళ్ళకు నా కడుపు చల్లబడిందో!

జనవరి 9, సాయంత్రం 5

ఆవిడ పేరు ఉంది. ముప్పై ఎనిమిదో నంబరు.

తప్పు చూశానేమోనని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఉంది. కార్డు రాకపోయినా వెళ్ళి చేయించుకుంది. మరి పోయింది ఎవరు? నా రిజిస్టరు ముందేసుకుని ఒక్కో పేరుకీ టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. డెబ్భై టిక్కులు పడ్డాయి. ఒక్క పేరు మిగిలింది.

నాది.

డబ్బా మూత రాలేదు. గోరు విరిగింది. సూదులన్నీ మంచం మీద పోసి కాగితం తీశాను. మామగారి చేతిరాత. మొదటి వరసలో తోడికోడలు. రెండో వరసలో నేను. ఐదేళ్ళ కిందట మమ్మల్నిద్దరినీ ఒకే రోజు ఆఫీసుకి తీసుకెళ్ళారాయన. ఆవిడకి మొదటి లైసెన్సు, నాకు రెన్యువల్. వస్తూ చెరో ఐస్‌క్రీమూ కొనిపెట్టారు. నా ఐస్‌క్రీము రుచి గుర్తుంది, తారీఖు గుర్తులేదు.

అందరికీ నేను గుర్తు చేస్తాను. నాకు ఆయన గుర్తు చేసేవారు. ఒకే ఇంట్లో ఉంటూ కూడా కార్డు రాసి, స్టాంపు అంటించి, పోస్టులో వేసేవారు. ఆయన పోయి మూడేళ్ళు.

ఒకరి కోసం గొయ్యి తవ్వితే అందులో మనమే పడతామని చిన్నపిల్లలకి కూడా తెలుసు.

జనవరి 10, ఉదయం 7.20

మైకు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నొక్కకూడదు. గడువు దాటిన దగ్గర్నుంచి వంద రోజులు దొంగ గొంతుతో రోల్ కాల్ నడిపానని నిన్ననే తెలిసింది.

ఏడు దాటింది. రెండు నిమిషాలు గాలిలో ఎవరూ లేరు. అప్పుడు ఆవిడ అందుకుంది. అక్కకి గొంతు బాలేదు, ఈ రోజుకి నేను పిలుస్తాను అంది. ఒక్కొక్కరూ హాజరు చెప్పి, అక్కని వేడినీళ్ళు తాగమనండి అన్నారు.

అంటే ఆవిడకి తెలుసు. తెలిసి నా పరువు కాపాడింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. నా తోడికోడలు నవ్వనైనా లేదు. అందుకే ఏడుపొచ్చింది.

జనవరి 12, ఆదివారం

చెప్పాను. ఆ పేరు నాదే అన్నాను. ప్రెసిడెంటు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆ అద్దాలు నేను చేసినవే. ఎంతసేపని తుడుస్తాడు?

ఆవిడని కార్యదర్శిని చేశారు. నా రూలే కదా. స్కేలు ఇచ్చేశాను. ఆవిడ పుచ్చుకుని మళ్ళీ నాకే ఇచ్చి, ఈ ఏడు చుక్క నువ్వే పెట్టక్కా అంది. 70 దగ్గర పెట్టాను. గీత పైకే వెళ్ళింది. నేను లేకపోయినా పైకే.

డబ్బా సంగతి మాత్రం చెప్పలేదు.

ఫిబ్రవరి 2

ఆవిడ క్లాసులో ఆఖరి బెంచీ. పక్కన ఆసుపత్రిలో పనిచేసే నర్సు. ఆంటీ, మీరూ ఇదే మొదటిసారా అని అడిగింది. అవునన్నాను. ఆ అమ్మాయికి ఏంటెన్నా పొడవు లెక్క ఎక్కడం లేదు. నేను చెప్పాను. ఇట్టే పట్టేసింది.

మామగారు నాకు మూడు నెలలు నూరిపోసిన పాఠం ఆవిడ పది నిమిషాల్లో చెప్పేసింది. బాగా చెప్పింది. బాగా చెబుతుందని నాకు ముందే తెలిసుంటే ఇంకా ముందు నుంచే కుళ్ళుకునేదాన్ని.

ఫిబ్రవరి 16

ఉండబట్టలేకపోయాను. డబ్బా పట్టుకుని పదహారు మెట్లూ ఎక్కి, కాగితం చేతిలో పెట్టి, దాచింది నేనే అని చెప్పేశాను.

తను వంటింట్లోకి వెళ్ళి పోయిన ఏడాది కేలెండరు తెచ్చింది. సెప్టెంబరు 30 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా. అందులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ రోజు మెట్ల మీద చెబుదామనే వచ్చిందట. నాలుక చివరిదాకా వచ్చిందట. మరెందుకు చెప్పలేదే అన్నాను.

నాకూ ఒక్కసారి నీకంటే ముందుండాలనిపించింది అక్కా అంది. ఎవరు కలిసినా, మొదటి లేడీ ఆపరేటర్ మీ అక్కేనటగా అంటారు. మామయ్యగారు నీకు స్టాంపేసి కార్డు పంపేవారు, నాతో పనుంటే కింద నుంచి కేకేసేవారు. నాకు రావాల్సిన మొదటి కార్డు పోయిన ఏడే. అది నువ్వు రాయాలి. ఆ నెలంతా రోజూ పోస్టు డబ్బా తీసి చూసుకున్నాను అంది.

ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. కావలించుకోవడాలేమీ లేవు. నా డబ్బాలోంచి సూది, దారం తీసుకుని మరిది చొక్కాకి గుండీ కుట్టుకుంది. సూది తిరిగి ఇవ్వలేదు.

ఫిబ్రవరి 17

తనకి కార్డు రాశాను. స్టాంపు అంటించి పోస్టులో వేశాను. పదహారు మెట్లకి మూడు రోజులు పడుతుంది.

మార్చి 23

పరీక్ష. పెన్ను చెమటకి జారింది.

మే 14

ప్యాసయ్యాను. సెకండ్ వచ్చాను. ఫస్టు నర్సు, రెండే మార్కుల తేడా. ఆ రెండు మార్కుల ప్రశ్న ఏంటెన్నా పొడవు లెక్క. తొందరపడి నేను తప్పు చేశాను. ఆ పిల్ల సరిగ్గా చేసింది, నేను చెప్పినట్టే.

రద్దయిన పాత కాల్‌సైన్లు మార్కుల వరసలో ఇస్తారట. ఈసారి రద్దయింది ఒక్కటే. దాని చివరి అక్షరాలు టీ, ఎల్, గాలిలో పలికితే టాంగో లీమా. ఇరవై ఐదేళ్ళు నేను పలికిన పేరు. నర్సుకిచ్చారు. నాకు జూలియట్ విస్కీ ఎక్స్‌రే. ఈ వయసులో నా పేరులో విస్కీ! మా ఆయన విని తెగ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ తోడికోడలి మీద ఉన్నదంతా మూట కట్టి ఆ పిల్ల నెత్తిన పెట్టాలనిపించింది. నా పాత పేరు తనకొచ్చిందని పాపం ఆ పిల్లకి తెలియనైనా తెలీదు. మిఠాయి తెచ్చిచ్చి, అంతా మీ లెక్క చలవే ఆంటీ అంది. తిన్నాను.

జూన్ 2, ఉదయం 7.10

కొత్తవాళ్ళతో మొదటి రోల్ కాల్. పిలిచేది తోడికోడలు. టాంగో లీమా అంది.

నర్సూ నేనూ ఒకేసారి పలికాం.

తర్వాత గరగర తప్ప ఏమీ వినపడలేదు. ఎవరూ నవ్వలేదు. తను మళ్ళీ పిలిచింది, టాంగో లీమా అని, మెల్లగా. ఈసారి నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.