"అంట" లేని మాట

శుక్రవారం, రాత్రి

హమ్మయ్య, సాక్ష్య చట్టం వైవా గట్టెక్కింది. మేడమ్ ముందు కూర్చోగానే పాత సెక్షన్లు, కొత్త సెక్షన్లు కలగాపులగమైపోయాయి. ఆవిడ ఫైలు మూసేసి, "నంబర్లు వదిలెయ్యమ్మా. సాక్షి తను చూసింది కాదు, ఎవరో చెప్పగా విన్నది చెబుతున్నాడని ఎలా కనిపెడతావు?" అన్నారు.

"చివర 'అంట' ఉంటది మేడమ్," అనేశాను. "మా కృష్ణానగర్‌లో సినిమా వేషాల కోసం తిరిగేటోళ్లు అందరూ అట్లనే మాట్లాడుతరు. రేపు షూటింగ్ ఉందంట, మనల్ని పిలుస్తరంట. చూసినోడు ఒక్కడూ ఉండడు."

ఆవిడ నవ్వేసి మార్కులు వేశారు. బస్సెక్కాక మాత్రం నాకు సిగ్గేసింది. ఆ ఉదాహరణ నాన్నదే. పదకొండేళ్లుగా సినిమాల్లో గుంపులో నిలబడుతూ, "ఈసారి డైలాగ్ ఇస్తరంట" అంటూనే ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి నాన్న ఇంకా మేకప్ కూడా కడుక్కోలేదు.

"డైలాగ్ ఇచ్చిన్రు బిడ్డా! 'డాక్టర్ గారు లేరండీ.' గంతే. నేనే చెప్పిన."

ఎడిటింగ్‌లో పోతుందేమో అని లోపల భయంగానే ఉంది. అయినా ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నాను. ఎక్కడా "అంట" లేదు.