బండి వైరు ముట్టని పదకొండు రోజులు

1 ఆగస్టు 2011, సోమవారం. పొద్దున పది గంటలు.

ఈ రోజు నుంచి బండి వైర్లు ముట్టను. సంతకం: ఐలయ్య, కొత్వాల్‌గూడ.

రాయమన్నది కోడలు రేఖ. "నోటి మాటైతే నువ్వు మర్లేస్తవు మామా, కాయితం మీద పెట్టు" అని ఎరువుల దుకాణం వాళ్ళిచ్చిన డైరీ చేతిలో పెట్టింది. నేను చదివింది మూడో తరగతి. నా రాత నాకు అర్థమవుతుంది, అది చాలు.

సంగతేమిటంటే, మా పెద్ద కారు బండికి నెల రోజులుగా పిచ్చి పట్టింది. హారన్ కొడితే వైపర్లు ఊగుతాయి. బ్రేకు తొక్కితే పాట ఆగిపోతుంది. తలుపులకు దానంతటదే తాళం పడుతుంది. పోయిన వారం నా కొడుకు నవీన్‌కుమార్ డీజిల్ పోయించుకోవడానికి పోయి అరగంట బండిలోనే ఉండిపోయాడు, దిగలేక.

నిన్న గగన్‌పహాడ్‌లో బండ్ల వైరింగ్ చేసే కొండల్ దగ్గరికి తీసుకుపోయాం. వాడు స్టీరింగ్ కింద తల పెట్టి ఒక్కొక్కటే బయటికి లాగాడు. బోరు మోటరు వైరు. ఇంటి వైరు. మైకు సెట్టు వైరు. అతుకులకు సైకిల్ ట్యూబు ముక్కలు.

"ఇవన్నీ ఎవలు పెట్టిన్రు?" అన్నాడు.

నవీన్ నా వైపు చూశాడు.

"ముప్పై ఏండ్లు బోరు మోటర్లు నడిపిన చెయ్యిరా ఇది" అన్నాను.

"తాతా, నీకు దండం పెడుత. ఇది బోరు మోటరు కాదు. ఇగ దీన్ల చెయ్యి పెట్టకు. నువ్వు పెట్టకుంటే దీనికేం కాదు."

ఇప్పుడు అసలు సంగతి. పదకొండో తారీకు, గురువారం, నా భార్య శివమ్మ మొదటిసారి విమానం ఎక్కుతుంది. అత్తాపూర్‌లో ఉండే తన చెల్లెలు అమృతమ్మతో తిరుపతి పోతుంది. ఇప్పుడు విమానాశ్రయం ఉన్నచోట శివమ్మకు తల్లిగారిచ్చిన రెండెకరాల జొన్నచేను ఉండేది. అది పోతే వచ్చిన పైసలతోనే ఈ బండి. మూడేండ్లుగా ఆమె అటువైపు కాలు పెట్టలేదు. ఇప్పుడు ఒకటే మాట అంది:

"నా చేన్లకు నేను నా బండిల పోయి దిగుత, దొర్సాని లెక్క. నడుమల ఆగిందనుకో, వచ్చినంక నీ సంగతి చెప్త."

అందుకే ఈ ఒట్టు. పదకొండు రోజులు. నలభై ఏండ్లు తాగిన బీడీని ఒక్క పూటలో మానినవాణ్ణి. ఇదెంత.

2 ఆగస్టు, మంగళవారం

ఏడు గంటలు: ముట్టలేదు.
తొమ్మిది గంటలు: ముట్టలేదు. నవీన్ హారన్ కొడితే హారనే మోగింది. వాడలో అందరూ విన్నారు.
పదకొండు గంటలు: బానెట్ తెరిచి చూశాను. చూస్తే ముట్టినట్టు కాదు.
రెండు గంటలు: మళ్ళీ చూశాను. కొండల్ పని పరవాలేదు. నేనైతే ఇంకా గట్టిగా కట్టేవాణ్ణి.

3 ఆగస్టు, బుధవారం

వైర్లు కత్తిరించే ప్లేయరు, టెస్టరు, ట్యూబు ముక్కల డబ్బా రేఖకు అప్పగించాను. మనిషి మాట మీద నిలబడాలంటే ఇట్లా ఉండాలి. ఆమె వాటిని బియ్యం డ్రమ్ములో దాచింది. ఎక్కడ దాచిందో నాకు తెలియదనుకుంటోంది.

చేతులకు ఏమీ తోచలేదు. ఇంటి బెల్లు సన్నగా మోగుతోందని దాన్ని విప్పి సరిచేశాను, కూరగాయల కత్తితో. ఇప్పుడు గట్టిగా మోగుతోంది. స్నానాల గది లైటు వేసినా మోగుతోంది. అయితే అది బండి కాదు కాబట్టి ఒట్టుకు సంబంధం లేదు.

5 ఆగస్టు, శ్రావణ శుక్రవారం

శివమ్మ బండిలో స్టీరింగ్ ముందు చిన్న వెంకటేశ్వరస్వామిని మళ్ళీ పెట్టింది. పోయినసారి నేను పెట్టిన ఎర్ర బల్బును కొండల్ పీకేశాడు. స్వామి చీకట్లో ఉన్నాడు.

"దేవునికి లైటు ఉండాల్నా వద్దా?" అని అడిగాను.

"ఉండాలె" అంది శివమ్మ, తమలపాకులు తుడుచుకుంటూ.

అంటే ఒప్పుకున్నట్టే. దేవుడికి దీపం పెట్టడం వైరింగ్ కిందికి రాదు, పూజ కిందికి వస్తుంది. హారన్ వైరు నుంచి చిన్న కొమ్మ తీశాను. నాలుగు నిమిషాల పని. స్వామి ఎర్రగా వెలుగుతున్నాడు.

6 ఆగస్టు, శనివారం

స్వామి ఆరిపోయాడు. హారన్ కూడా పోయింది. చూస్తే ఫ్యూజు.

దాన్ని ఫ్యూజు అనడానికి నోరు రావడం లేదు. చిన్న ప్లాస్టిక్ బిళ్ళ, లోపల వెంట్రుకంత తీగ. మా బోరు దగ్గర ఫ్యూజు పోతే మూడు రాగి పోగులు మెలేసి పెట్టేవాణ్ణి. పదేండ్లు పోలేదు. మోటరు రెండుసార్లు కాలిపోయింది, ఫ్యూజు మాత్రం చెక్కు చెదరలేదు.

అట్లాగే మూడు పోగులు పెట్టాను. ఒట్టు బండి వైర్ల మీద వేసింది. ఈ పోగులు బండివి కావు, నావి.

7 ఆగస్టు, ఆదివారం

ప్లేయరు నోట్లో బియ్యపు గింజ ఇరుక్కుని రేఖకు దొరికింది.

"మామా, డ్రమ్ముల చెయ్యి పెట్టినవా?"

"పురుగు పట్టిందేమోనని చూసిన."

"ప్లేరుతోనా?"

కోడలికి జవాబు చెప్పే వయసు కాదు నాది. అవతలికి పోయాను.

సాయంత్రం బండి తుడుస్తూ ఒక ఘోరం కనిపెట్టాను. ముందు లైటుకు కరెంటు తెచ్చే వైరు ఒక్కటే. రెండోదాన్ని బండి ఇనుముకు బిగించి వదిలేశారు. ఇనుమే ఎర్తట. మంచిది. మరి ఆ ఇనుము దేని మీద నిలబడింది? నాలుగు రబ్బరు టైర్ల మీద. రబ్బరులోంచి భూమికి కరెంటు ఎట్లా పోతుంది? బండికి పిచ్చి పట్టదా మరి?

కొండల్‌కు ఫోన్ చేశాను.

"ఎర్తు బాడీకే ఉంటది తాతా."

"బాడీ నుంచి భూమికో?"

"భూమికెందుకు?"

ఎర్తంటే భూమి అని తెలియని మనిషి వైరింగ్ దుకాణం పెట్టాడు. ఫోన్ పెట్టేశాను.

8 ఆగస్టు, సోమవారం

ఇవ్వాళ వైరు ముట్టలేదు. భూమిని ముట్టాను.

బండి నిలిపేచోట వెనక మూడడుగుల గుంత తవ్వి, ఇనుప కడ్డీ దింపి, చుట్టూ ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు వేసి నీళ్ళు పోశాను. బోరు స్టార్టరు దగ్గర ముప్పై ఏండ్లు చేసిన పనే.

శివమ్మ వచ్చి నిలబడింది. "ఏం తవ్వుతున్నవ్?"

"కరివేపాకు చెట్టు పెడ్దామని."

"బొగ్గులేసి?"

"బలముంటది."

"తొక్కు పెడ్దామని తెచ్చిన ఉప్పు ఏది? నాలుగు కిలోలు."

"దానికీ బలముంటది" అన్నాను. ఆమె గుంతలోకి ఒకసారి తొంగిచూసి లోపలికి పోయింది.

కడ్డీకి మోటరు వైరు కట్టి, రెండో కొసను బండి కింద వెనకవైపు ఇనుముకు నట్టుతో బిగించాను. ఇది బండికి కొత్త వైరు. ఒట్టు వేసిన రోజు ఇది బండికి లేదు. లేని వైరు మీద ఒట్టు చెల్లదు.

లైటు వేసి శివమ్మను పిలిచాను. "వెలుగు పెరిగిందా లేదా?"

"ఏమో. గట్లనే ఉంది."

పెరిగింది.

10 ఆగస్టు, బుధవారం

రేపే ప్రయాణం. శివమ్మ ఆకుపచ్చ పట్టుచీర తీసి పెట్టుకుంది. చెల్లెలికి నాలుగుసార్లు ఫోన్ చేసి "మేం మా బండిల వస్తం" అని చెప్పింది, ఆమె అడగకపోయినా.

రేపు బండి తీసే ముందు ఎర్తు వైరు విప్పాలి. మరిచిపోకుండా ఇక్కడ రాసిపెడుతున్నాను.

11 ఆగస్టు, గురువారం. సాయంత్రం ఆరు.

నిన్న రాసింది పొద్దున చదవలేదు. డైరీ రాయడం అలవాటైంది, చదవడం ఇంకా కాలేదు.

ఒంటిగంటకు బయలుదేరాం. విమానం మూడున్నరకు. నవీన్ నడుపుతున్నాడు, శివమ్మ ముందు సీటులో, నేను వెనక. బండి కదిలి, ఎవరో పట్టుకుని గుంజినట్టు ఒకసారి ఆగి, మళ్ళీ కదిలింది.

"బాపు, ఎనుక ఏదో సప్పుడైతుంది."

నాకు అప్పుడే అర్థమైంది. చెప్పాలి. చెప్పలేదు. "రోడ్డు గట్లుంది, నువ్వు పోనియ్యి" అన్నాను. ఆపితే శివమ్మ దిగి చూస్తుంది కదా.

కడ్డీ రోడ్డు మీద ఠంగు ఠంగుమంటూ మా వెంటే వచ్చింది. విమానాశ్రయం తనిఖీ దగ్గర నవీన్ హారన్ ఒక్కసారి నొక్కాడు. అది మోగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. స్వామి వెనక నుంచి పొగ లేచింది. రాగి పోగులు మాత్రం పోలేదు, నేను చెప్పినట్టే.

పంద్రాగస్టుకు నాలుగు రోజులే ఉందని కాపలా గట్టిగా ఉంది. ఆగకుండా అరుస్తూ, పొగ కక్కుతూ, వెనక వైరుకు వేలాడే ఇనుప కడ్డీతో వచ్చిన బండిని జవాన్లు ఎట్లా చూస్తారో అట్లాగే చూశారు. తుపాకులు లేచాయి. మా చేతులు లేచాయి. పట్టుచీరతో శివమ్మవి కూడా.

కడ్డీకి అంటిన నల్లటి పొడిని చూసి పెద్ద జవాను హిందీలో అడిగాడు, ఇదేంటని.

"ఎర్తు" అన్నాను.

కుక్కను తెచ్చారు. అది కడ్డీని వాసన చూసింది. తరవాత నాకడం మొదలుపెట్టింది. ఉప్పు కదా. గుంజినా రాలేదు. పెద్ద జవాను ఉప్పు, బొగ్గు, కడ్డీ, మా బండి టైర్లు వరసగా చూసి, నా మొహం చూసి, తుపాకీ దించి అటు తిరిగాడు. భుజాలు ఊగుతున్నాయి. ఊళ్ళో వాళ్ళ తండ్రికి కూడా బోరు ఉందట.

నవీన్ బ్యాటరీ వైరు పీకితే హారన్ ఆగింది. బండి చచ్చింది. సమయం రెండుంబావు. విమానాలెక్కే భవనం ఎదురుగా కనిపిస్తోంది. వేరే బండి ఆపి ఎక్కిస్తామన్నారు జవాన్లు.

"వద్దు" అంది శివమ్మ. "వేరేటోళ్ళ బండిల నా చేన్లకు పోను. గీడికెల్లి తొవ్వ నాకెరికె."

సంచి నెత్తిన పెట్టుకుని నడిచింది. నవీన్‌ను బండి దగ్గర వదిలి, రెండో సంచితో నేను వెనక. నా నోట్లో ఒక మాట ఉంది, బయటికి రాలేదు. "సంచి బరువుందా?" అన్నాను. అడుగు వేగం పెంచింది.

గడ్డి, పూలచెట్లు పెంచినచోట ఒక దగ్గర ఆగింది.

"ఈడ మంచె ఉండె."

"ఉండె" అన్నాను.

"గా మంచెకు కూడ బల్బు పెట్టినవు. తడిసిన దినం జొన్నకర్ర ముట్టుకుంటే ఝల్లుమన్నది. పిట్టలు నెల దినాలు రాలే." అని, నెత్తిన సంచి కదిలేటట్టు నవ్వింది. మూడేండ్లయింది ఆ చేను మాటెత్తి ఆమె నవ్వక.

"తప్పయింది" అన్నాను. మాట వచ్చింది.

"మంచెదా, బండిదా?"

"రెండూ."

తలుపు దగ్గర అమృతమ్మ ఎదురుచూస్తోంది. "మీ బండి ఏదక్కా?" అంది.

"దూరం నిలబెట్టిన. మా చేను జర చూసుకుంట వద్దామని" అంది శివమ్మ. నా వైపు తిరిగింది. "ఆదివారం మూడింటికి వస్త. ఇదే చీర. బండి ఈ తలుపు కాడ ఉండాలె."

13 ఆగస్టు, శనివారం. సాయంత్రం నాలుగు.

కొండల్ బండి ఇచ్చాడు. కాలినవన్నీ మార్చాడు. బల్బు కోసం నేను తీసిన కొమ్మే వేడికి కరిగి హారన్ స్విచ్చు వైరుకు అతుక్కుందట, అందుకే హారన్ ఆగలేదట. మూడు రాగి పోగులను మాత్రం పారేయకుండా దుకాణం గోడకు మేకు కొట్టి తగిలించాడు.

"ఎందుకురా?"

"వచ్చినోళ్ళకు చూపిస్త తాతా. పని పైసలడిగితే, మేమే చేసుకుంటమని నాతోని లొల్లి పెట్టుకుంటరు."

శివమ్మ ఫోన్ చేసింది. దర్శనం బాగా అయిందట. మూడింటికి బండి ఉండాలని ఇంకోసారి గుర్తుచేసింది. 

రేపు మూడింటికి ఆమె దిగుతుంది. అందుకని ఇప్పుడే మళ్ళీ ఒట్టు: బండి వైర్లు ముట్టను. పాతవీ ముట్టను, కొత్తవీ పెట్టను. భూమినీ తవ్వను. సంతకం: ఐలయ్య.

నాలుగుంబావు: ఎడమ పక్క ఇండికేటరు కుడిదానికంటే కొద్దిగా తొందరగా కొట్టుకుంటోంది.

నాలుగున్నర: అవును, తొందరగానే. నవీన్‌కు చెప్తే లెక్కపెట్టాడు. "రెండూ ఒక్కటే బాపు" అన్నాడు. వాడికి లెక్కలు రావు.

నాలుగు నలభై: ఒట్టు ఐదింటి నుంచి.