నాలుగు ట్యాంకర్ల వాన

బుధవారం

రేపు పొద్దున కళ్లద్దాలు పెట్టుకుని ఇది చదివేది నేనే. అయినా చెబుతున్నా, రాత వంకరగా ఉంది, తప్పులున్నాయి, ఏమనుకోకు. చెయ్యి అలసిపోయింది.

నా కథను సినిమాగా తీస్తానన్న అనంతపురం సుజాతమ్మ, ఖర్చు అంచనా నన్నే రాసి పంపమంది. మనుషులకు, భోజనాలకు రాశాను. చివరి సీను దగ్గర ఆగిపోయాను. అందులో వాన కోసం ఆడవాళ్లు కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పుతారు. ప్రతి గడప దగ్గరా దాని మీద చెంబెడు నీళ్లు పోస్తారు. అప్పుడు వాన కురుస్తుంది.

ఆ వానకు ఎన్ని నీళ్లు కావాలో నలుగురిలో అడగలేక, మా ఊరికి నీళ్ల ట్యాంకర్ తోలే మస్తాన్ ఒక్కడే ఉన్నప్పుడు అడిగాను.

"నాలుగు ట్యాంకర్లు పడతాయన్నా. ఊరు తాగేదానికి రోజుకు తోలేదే రెండు. నాలుగూ నేలన పోయిస్తే, ఆడోళ్లు కప్పను ఇడిసిపెట్టి నిన్ను కడతారు రోకలికి!"

నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అంచనాలోంచి వాన కొట్టేశాను. ఖర్చు సగమైంది. ఇప్పుడు నా సినిమాలో తడిసేది కప్ప ఒక్కటే.

కానీ ఆ వాన చూడాలనే కదా కథంతా రాసింది...

రేపు సాయంత్రం సుజాతమ్మ ఫోన్ చేస్తుంది. వాన ఉంచమందామా, వద్దందామా? లేవగానే ఇది చదివి, తొందరగా జవాబు చెప్పు.