బెండు రెండోసారి మునిగేదాకా

సువార్తా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇంట్లో కాలు నిలవక, నీ గాలం తీసుకుని గూడెంలో బస్సెక్కి మీ కొల్లేటి గట్టుకు వచ్చాను. వానపామును గుచ్చి నీళ్లలో వేశాను. రోజంతా రైస్ మిల్లులో తిరిగే మెకానిక్ కాళ్లు కదా, కూర్చోలేక లేచాను, మళ్లీ కూర్చున్నాను. నీళ్ల మీద మనిషి నీడ కదిలితే చేప రాదని ఎన్నిసార్లు చెప్పావు!

గాలానికి కట్టిన బెండు మునిగింది. చెయ్యి లేవబోయింది.

"ఏవండీ, అది ఇంకా రుచే చూస్తోందండీ. రెండోసారి మునగనివ్వండి," అనేదానివి. నీతో ఉన్న ఇరవై ఏళ్లలో నేను ఒక్కసారీ ఆగలేదు. ఆసుపత్రిలోనూ అంతే. నీ మంచం పక్కన కూర్చోలేక టీకని బయటికెళ్లాను. పది నిమిషాల్లో తిరిగొచ్చేసరికి నర్సు నీ ముఖం మీదికి దుప్పటి లాగుతోంది.

ఇవాళ మాత్రం కర్రను మోకాళ్ల మధ్య నొక్కిపట్టి ఆగాను. బెండు రెండోసారి మునిగింది. అప్పుడు లాగితే మూరెడు కొర్రమీను!

పక్కన వల ఆరేసుకుంటున్న మీ ఊరాయన చూసి నవ్వాడు.

"అబ్బ, ఎంత ఓపికండీ మీకు!"

ఆ మాట విన్నాక ఇంక అక్కడ ఉండలేకపోయాను.